‘బ్యాడ్‌లాండ్స్’ డిస్కూ, మా షాపులో బైండు చేసిన సీరియళ్ళూ

ముందే చెప్తున్నా, నేను సినిమా సమీక్షలు రాసే మనిషిని కాను. తెనాలిలో 24 ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. 1979లో నవల అద్దె రోజుకి పావలా. 2003లో షట్టరు దించేసేనాటికి మూడు రూపాయలు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మనిషి మొహం చూసి అది ఎలా ఉందో చెప్పగలను. నాకు తెలిసిన విమర్శ అంతవరకే.

ఇప్పుడు నెబ్రాస్కాలో, లింకన్‌లో, మా అబ్బాయి దగ్గర ఉన్నాను. ఇక్కడ నాకు కాలక్షేపం లైబ్రరీ ఒక్కటే. డిపాజిట్టు లేదు, అద్దె లేదు, సంచీ పట్టినన్ని పుస్తకాలూ డిస్కులూ ఇచ్చి పంపేస్తారు. అద్దె మీద బతికినదాన్ని, చూస్తే ఇప్పటికీ ప్రాణం ఒప్పదు. మొన్న నెలలో అక్కడే దొరికింది ఈ ‘బ్యాడ్‌లాండ్స్’ బ్లూరే. టెరెన్స్ మాలిక్ తీసిన మొదటి సినిమా, 1973 నాటిది. డిస్కు క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు 2013లో వేశారు. ఎవరిచేతనైనా అమెరికా నుంచి తెప్పించుకోవాలనుకుంటే ఒక సంగతి చూసుకోండి. బ్లూరేలకి ప్రాంతాన్ని బట్టి తాళం ఉంటుంది. ఇది అమెరికా వైపు ఆడే రీజియన్ ఎ డిస్కు, మన దేశంలో అమ్మే ప్లేయర్లు రీజియన్ సి. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు ఇంట్లో లేకపోతే డిస్కుని అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోవడమే.

కథ చెప్తే రెండు ముక్కలు. సౌత్ డకోటాలో ఒక చిన్న ఊరు, కాలం 1959. చెత్త బండి మీద పనిచేసే కిట్‌కి పాతికేళ్ళు, హాలీకి పదిహేను. పిల్ల తండ్రి బోర్డులు రాసే పెయింటరు. ఈ స్నేహం వద్దంటాడు, కూతురు అబద్ధమాడిందని దాని కుక్కని కాల్చి చంపుతాడు. కిట్ వచ్చి ఆయన్ని కాల్చి చంపుతాడు. ఇంటికి నిప్పంటించి ఇద్దరూ వెళ్ళిపోతారు. అడవిలో చెట్టుమీద గుడిసె కట్టుకుంటారు, ఆ తర్వాత కార్లు, మైదానాలు, దారిపొడవునా శవాలు. చివరికి మోంటానాలో దొరికిపోతారు. అంతే. కిట్‌గా మార్టిన్ షీన్, హాలీగా సిస్సీ స్పేసెక్, తండ్రిగా వారెన్ ఓట్స్.

మొదటిసారి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూశాను. ఒళ్ళు మండింది. కన్నతండ్రి కళ్ళెదుట కుప్పకూలితే ఆ పిల్ల కంట్లో చుక్క లేదు. కథంతా తనే వెనకనుంచి చెప్తుంటుంది గానీ, ఆ గొంతు రేడియోలో బజారు ధరలు చదివినట్టు ఉంటుంది. ఇల్లు తగలబడుతుంటే వెనకాల గాయకులు కోరస్ పాడతారు, బొమ్మలూ మంచమూ పియానో మంటల్లో ఎంతో అందంగా కాలిపోతాయి. అందమెందుకయ్యా దీనికి? ఒక హంతకుడికి ఇంత వెన్నెల కాయడం ఏమిటి? “ఇదేం సినిమారా, రాయిలా ఉంది పిల్ల” అన్నాను మా అబ్బాయితో. “అమ్మా, ఆ మాట యాభై ఏళ్ళ క్రితమే ఒకావిడ అనేసింది, నువ్వు లేటు” అన్నాడు వాడు.

ఆవిడ పాలిన్ కేల్. ‘న్యూయార్కర్’ పత్రికలో సినిమాల మీద రాసేది. సంగతేమిటో చూద్దామని లైబ్రరీ కౌంటరులో అమ్మాయిని అడిగితే, పాపం అరగంట కూర్చుని 1974 మార్చి సంచిక తెరిచి పెట్టింది. కేల్ అదే వ్యాసంలో స్పీల్‌బర్గ్ ‘షుగర్‌లాండ్ ఎక్స్‌ప్రెస్’ గురించీ రాసింది. అదీ దొంగదారి జంట కథే. ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంది, మాలిక్‌ని ఏకిపారేసింది. తెలివిగా, కళగా తీశాడు, కాదనను, కానీ అంతా ముందే ఆలోచించి పెట్టేసుకున్నాడు, చూసేవాడు స్పందించడానికి ఏమీ మిగల్చలేదు, చల్లగా, దూరంగా నిలబడి చూస్తాడు అని ఆవిడ ఫిర్యాదు. ఆ పత్రిక ఎడిటరు విలియం షాన్‌కి మాలిక్ కొడుకులాంటివాడట. ఆ మాట ఆయన ఆవిడతో అంటే, ఆవిడ ఒక బూతు మాట విసిరి తను రాసింది రాసినట్టే ఉంచిందని చెప్పుకుంటారు. ఈ ఒక్క విషయానికి ఆవిడంటే నాకు గౌరవం పుట్టింది. మా షాపుకొచ్చే వాళ్ళలోనూ అలాంటి ఒక టీచరమ్మ ఉండేది. అందరూ ఎగబడి తీసుకెళ్ళే నవలని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి బల్లమీద పడేసి “చెత్త” అనేది, క్యూలో ఉన్నవాళ్ళకి వినపడేలా.

మిగతావాళ్ళు అలా అనలేదు. 1973 అక్టోబరులో న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్ ఈ సినిమాతోనే ముగిసింది. అదే ఉత్సవంలో స్కోర్సేసీ ‘మీన్ స్ట్రీట్స్’ కూడా ఉంది. న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ కాన్బీ దీన్ని బాగా మెచ్చుకున్నాడు. ఆయనకీ సినిమా చల్లగానే తోచింది. కాకపోతే అది తప్పుగా అనిపించలేదు, అమెరికా గుణమంతా ఇందులో ఉందన్నాడు. ఆవిడ తిట్టుగా వాడిన మాటే ఈయన దగ్గర మెప్పయింది. తర్వాత డేవిడ్ థామ్సన్ అనే విమర్శకుడైతే ‘సిటిజన్ కేన్’ తర్వాత ఏ అమెరికన్ దర్శకుడూ తన మొదటి సినిమాని బహుశా ఇంత ధీమాగా తీయలేదన్నాడు. వార్నర్ బ్రదర్స్ వాళ్ళు పది లక్షల డాలర్లకి కాస్త తక్కువకి కొన్నారు. కొని ఏం చేశారో తెలుసా? ‘బ్లేజింగ్ శాడిల్స్’ అనే నవ్వుల సినిమాకి జత చేసి ప్రివ్యూ వేశారు. పొట్ట పట్టుకు నవ్విన జనం ముందు ఇది పెడితే ఏమవుతుంది? తిట్టిపోశారు. తీసినవాళ్ళే అర్కాన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్‌లాంటి ఊళ్ళలో థియేటర్లు మాట్లాడుకుని, డబ్బులొస్తాయని చూపించుకోవాల్సి వచ్చింది. 1993లో అమెరికా ప్రభుత్వం భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోకి చేరింది. అది వేరే సంగతి. ఇరవై ఏళ్ళు ఆగితే నా షాపులో చెదలు పట్టిన నవలలకి కూడా ఇప్పుడు పాత పుస్తకాల వాళ్ళు వెయ్యి రూపాయలు అడుగుతున్నారు.

రెండోసారి రాత్రిపూట చూశాను. మనవరాలు నిద్రపోతోంది కాబట్టి సౌండు తగ్గించి, కింద అక్షరాలు పెట్టుకున్నాను. ఈ డిస్కులో చెవిటివాళ్ళ కోసం ఇంగ్లీషు సబ్‌టైటిల్సు ఉన్నాయి. మీకూ ఇదే సలహా, ఇంగ్లీషు వచ్చినా సరే పెట్టుకోండి. హాలీ మాటలు చెవితో వింటే బండరాయి. కంటితో చదివితే మాత్రం నాకు బాగా పరిచయమైన కాయితం వాసన వచ్చింది.

మొదట్లోనే ఒకచోట అంటుంది: ఈ నిశ్శబ్దమైన ఊరి సందుగొందుల్లో మొదలైంది మోంటానా బంజరు కొండల్లో ముగుస్తుందని తనకప్పుడు తెలియదని. వాక్యం చూడగానే నాకు దాని కింద ‘ఇంకా వుంది’ అని కనపడింది. మీలో నా వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు. వారపత్రికలోంచి సీరియలు పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించేవాళ్ళు. ఆ బైండ్లు కొన్ని అమ్మకానికి మా షాపుకొచ్చేవి. నేను వాటికి బ్రౌను అట్టలేసి, వీపు మీద నంబరు రాసి పెట్టేదాన్ని. ప్రతి భాగం చివరా అలాంటి వాక్యమే. మార్జిన్‌లో ఎవరో పెన్సిలుతో ‘చివర్లో హీరో పోతాడు, ఏడుపొస్తుంది, చదవకండి’ అని రాసి ఉండేది. ఆ బైండ్లకే గిరాకీ ఎక్కువ.

హాలీ ఆ భాషలో మాట్లాడుతోంది. తల్లి పోయిన ఇల్లు, మాట్లాడని తండ్రి. (పెళ్ళినాటి కేకుని పదేళ్ళు ఫ్రీజరులో దాచుకున్నాడట ఆయన, భార్య అంత్యక్రియలయ్యాక తోటపనివాడికి ఇచ్చేశాడట. మొదటి నిమిషంలోనే చెప్పేస్తుంది. దీన్ని చల్లదనం అంటారా? నాకైతే ఇక్కడే గొంతు పట్టేసింది.) ఆ పిల్లకి లోపల ఏమవుతుందో చెప్పడానికి సొంత మాటలు ఎవరూ నేర్పలేదు. సినిమా పత్రికల్లోంచీ చౌక కథల్లోంచీ తెచ్చుకున్న మాటలున్నాయి, వాటితోనే నెట్టుకొస్తోంది. అడవిలో ఒకనాడు తండ్రి పాత స్టీరియోస్కోపు కళ్ళకి పెట్టుకుని ఎక్కడెక్కడివో బొమ్మలు చూస్తూ కూర్చుంటుంది. అమ్మ నాన్నని కలవకపోతే తనెక్కడుండేది, తను పెళ్ళాడబోయేవాడు ఎలా ఉంటాడు, ఈ నిమిషాన అతనేం చేస్తున్నాడు అనుకుంటుంది. పక్కనే కిట్ ఉన్నాడు! పెళ్ళాడబోయేవాడు ఇంకెవరో అన్నట్టే ఆలోచిస్తోంది. తీరా చివర, తన తరఫున వాదించిన వకీలు కొడుకుని పెళ్ళాడానని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటుంది.

ఇంకొకటుంది. కారులో కిట్ మీద మనసు విరిగిపోయాక, పక్కన కూర్చుని అంగిట్లో నాలికతో వాక్యాలు రాసుకునేదట, ఎవరూ చదవలేని చోట. అక్కడ డిస్కు ఆపి, నేనూ నాలికతో ‘అ’ రాసి చూశాను. వస్తుంది. ఆ వాక్యాలు ఏమిటో సినిమా చెప్పదు. హాలీకి సొంత వాక్యాలంటూ ఉంటే అవే అయ్యుండాలి.

1986లోనో 87లోనో, వేసవిలో ఒక మధ్యాహ్నం, ఒకాయన మా షాపుకొచ్చాడు. రైసుమిల్లులో గుమాస్తా. ఇంటరు చదివే ఆయన కూతురు మా ఖాతాదారు, మూడు రోజులకొక బైండు తీసుకునేది. ఆయన మాట్లాడకుండా నోటుబుక్కులోంచి చింపిన కాయితం ఒకటి బల్లమీద పెట్టాడు. “ఇది మా పిల్ల రాసిందేనా అమ్మా?” అన్నాడు. చదివాను. ‘నేను నడిచే దారిలో ముళ్ళున్నాయో పూలున్నాయో నాకు తెలియదు నాన్నగారూ, ఆ దారి చివర ఆయన ఉన్నారని మాత్రం తెలుసు.’ చేతిరాత పిల్లదే. వాక్యం మాత్రం 412వ నంబరు బైండులోది. ఆ ‘ఆయన’ లారీ క్లీనరని తర్వాత తెలిసింది. రెండు పేజీలూ అదే ధోరణి, కామా కూడా మార్చలేదు. మొదటిసారి హాలీని చూసినప్పుడు వచ్చిన కోపమే ఆవేళా వచ్చింది, కన్నవాళ్ళకి రాసే ఉత్తరంలో కూడా ఈ వేషాలేమిటని. కాయితం తిప్పితే వెనకాల, అడుగున, చిన్న అక్షరాలతో ఇంకొకటి రాసుంది: ‘చిన్నోడి దగ్గు మందు కిటికీలో పెట్టాను. రాత్రి రెండు చెంచాలు.’

నిజం చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. “చేతిరాత మీ అమ్మాయిదేనండీ, పైన ఉన్న మాటలు పుస్తకంలోవి” అన్నాను. ఆయన ఆ బైండు అడిగి తీసుకున్నాడు. అద్దె ఇవ్వబోతే వద్దన్నాను.

అంచేత, రాయిలా ఉంది అన్న నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. కేల్ ఆవిడ బతికుండి ఉంటే ఆవిడ మాటా తీసుకోమని అడిగేదాన్ని, తీసుకునేది కాదనుకోండి. 1975లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో మాలిక్ కూడా ఇలాంటి మాటే అన్నాడు. మనుషులు తమకి అన్నిటికన్నా ముఖ్యమైంది చెప్పబోయినప్పుడే అరిగిపోయిన మాటలొస్తాయి, దానికి నవ్వకూడదు, అందులో ఒక మెత్తదనం ఉంది అని అతని ఉద్దేశం. కుర్రాడు మంచివాడే.

కిట్ దగ్గర మాత్రం నేను కేల్ పక్షమే. షీన్ బాగా చేశాడు, అందులో మాట లేదు. ఆనాటి సినిమా హీరో జేమ్స్ డీన్‌లా జుట్టు దువ్వుకోవడం, దారిలో చొరబడిన ఒక డబ్బున్న పెద్దాయన ఇంట్లో మాటలు రికార్డు చేసే డిక్టాఫోను ముందు కూర్చుని అమ్మానాన్నల మాట వినండి, టీచర్ల మాట వినండి అని పిల్లలకి హితవు చెప్పడం, కారు టైరుని తనే తుపాకీతో కాల్చుకుని, దొరికిపోయిన చోట గుర్తుగా రాళ్ళు పేర్చుకోవడం, అన్నీ సరదాగానే ఉంటాయి. పోలీసులకి కూడా దువ్వెనా పెన్నూ జ్ఞాపికల్లా పంచిపెడతాడు. వాళ్ళూ పెళ్ళివారి పందిట్లోలా చుట్టూ చేరతారు. కారు హెడ్‌లైట్ల వెలుగులో, ఎడారి చీకట్లో ఇద్దరూ నెమ్మదిగా డాన్సు చేసే చోట నాట్ కింగ్ కోల్ గొంతు వస్తుంది, కాదనలేని అందం. కానీ తోటి పనివాడు కేటోని పొట్టలో కాల్చాడు. వాడు పక్కమీద పడుకుని చచ్చిపోతుంటే హాలీ సీసాలో సాలీడు గురించి అడుగుతుంది. ఆ కేటో మొహం దగ్గర కెమెరా ఇంకాసేపు ఆగితే బాగుండేది. చచ్చినవాళ్ళంతా దారిలో మైలురాళ్ళలా వెళ్ళిపోతారు.

డిస్కు విషయానికొస్తే, బొమ్మ చాలా బాగుంది. మాలిక్ సరేనన్న కొత్త ప్రింటు. సాయంత్రం ఆకాశం, గడ్డి రంగు, దుమ్ము, ఏదీ అతిగా తోమినట్టు లేదు. సినిమాలో పదేపదే వచ్చే జైలోఫోను ముక్క, కార్ల్ ఓర్ఫ్ పిల్లలకి సంగీతం నేర్పడానికి తయారుచేసిన వాటిలోది, ఎంత సన్నగా వినిపిస్తుందో. అదనంగా ఇచ్చిన వాటిలో ముప్పావుగంట డాక్యుమెంటరీ ఒకటి తప్పకుండా చూడండి. అందులో షీన్, స్పేసెక్, కళాదర్శకుడు జాక్ ఫిస్క్ మాట్లాడతారు. హాలీ గది సెట్లో సొరుగులు లాగితే లోపల కూడా హాలీ వస్తువులే ఉండేవట, కెమెరాకి కనపడకపోయినా ఫిస్క్ నింపి పెట్టాడట. స్పేసెక్‌కీ ఫిస్క్‌కీ ఆ షూటింగులోనే పరిచయం, 1974లో పెళ్ళి. సొరుగులు సర్దిపెట్టే మనిషిని ఎవరు వదులుకుంటారు? మాలిక్ మాత్రం ఎక్కడా కనపడడు, వెనకనుంచి వ్యాఖ్యానమూ లేదు. సినిమాలోనే, పెద్దాయన ఇంటి తలుపు తట్టి చీటీ ఇచ్చి వెళ్ళే మనిషిగా వస్తాడు, రావాల్సిన నటుడు రాకపోతే తనే నిలబడ్డాడట.

ఇదే డిస్కులో చార్ల్స్ స్టార్క్‌వెదర్ అనే హంతకుడి మీద 1993 నాటి టీవీ కార్యక్రమం కూడా ఉంది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. సినిమాకి ఆధారం ఆ కేసే, ఎక్కువగా జరిగింది నేనిప్పుడు కూర్చున్న ఈ లింకన్‌లోనే. 1958 జనవరి. వాడికి 19, వాడి వెంట ఉన్న పిల్లకి 14. అంతకుముందు డిసెంబరులో ఒకరితో కలిపి మొత్తం పదకొండు మందిని చంపాడు, మరుసటి ఏడు జూన్‌లో కరెంటు కుర్చీ ఎక్కించారు. పిల్లకి యావజ్జీవం పడింది, 1976లో విడుదలైంది. తను బందీనేనని ఎప్పుడూ చెప్పింది. సినిమాలో ఇంట్లో చచ్చిపోయేది తండ్రి ఒక్కడే. నిజంగా ఆ పిల్ల ఇంట్లో పోయింది తల్లి, మారుతండ్రి, రెండేళ్ళ చెల్లెలు. మాలిక్ ఆ పసిదాన్ని కథలోంచి తీసేశాడు. తీయకపోతే హెడ్‌లైట్ల వెలుగులో ఆ డాన్సు ఎవరూ చూడలేరు, నాకు తెలుసు. విమర్శకులు చల్లగా ఉందా వెచ్చగా ఉందా అని యాభై ఏళ్ళు కొట్టుకున్నారు గానీ, నేను చదివినంతలో ఆ రెండేళ్ళ పిల్ల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆ హత్యలప్పుడు మూడో తరగతట. వాళ్ళ నాన్న తుపాకీ పట్టుకుని బడికొచ్చి తనని ఇంటికి తీసుకెళ్ళాడనీ, వీధుల్లో సైనికులు తిరిగారనీ, అంతకుముందు రాత్రిళ్ళు తలుపులకి గడియ పెట్టిన గుర్తే లేదనీ చెప్పింది. ఆవిడకి మా వంటలు ఇష్టం, నేను దోసకాయ పచ్చడి చేసినప్పుడల్లా చిన్న డబ్బాలో పెట్టిస్తాను. డిస్కు గడువు మంగళవారం. చూస్తుందేమోనని సోమవారం పచ్చడితోపాటు తీసుకెళ్ళాను. పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది.

“చంటిపిల్ల ఉందా ఇందులో?” అంది.

లేదన్నాను.

డిస్కు నా చేతిలో పెట్టేసి, పచ్చడి డబ్బా మూత తీసి వాసన చూసి, కిందటిసారికన్నా కారం తగ్గించావు కదా అంది.